మస్తాన్ వలి గారి గాలి సంచి

నిన్న మధ్యాహ్నం అగ్నిమాపక శాఖలో పనిచేసే ఒకాయన పెద్ద అట్టపెట్టె తెచ్చి మా వరండాలో విప్పారు. మిర్చి సీజను. గుంటూరు గాలిలో ఎటూ ఆ ఘాటు ఉంటుంది, మాకు అలవాటే. పెట్టె తెరవగానే ఆ ఘాటును తోసుకుంటూ కొత్త రబ్బరు వాసన, దాని మీద చల్లిన పౌడరు వాసన వచ్చాయి. చేతిలోని మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టేశాను. బాగా లోతు నీళ్లలోకి దిగేవాళ్లు వీపుకూ సిలిండర్లకూ మధ్య కట్టుకునే గాలి సంచి అది. వింగ్ అంటారు. “మావాళ్లకి ఇది సరిపోద్దా మేడమ్? మీరు చూసి చెబితే ధైర్యంగా ఉంటది” అన్నారాయన. నేను దాన్ని ముట్టుకోలేకపోయాను. రెండు రోజులాగి రమ్మని పంపేశాను. ఆ సంచుల గురించి నాకు తెలిసిందంతా మస్తాన్ వలి గారు నేర్పిందే. ఆయన గురించి ఇన్నాళ్లూ ఒక్క ముక్క రాయలేదు.

ఆయనది పిడుగురాళ్ల. వయసులో ఉన్నప్పుడంతా ఓడరేవుల్లో ఓడల అడుగున పనిచేసి, యాభై దాటాక ఇంటికి వచ్చేశారు. కుడి భుజం పూర్తిగా పైకి లేచేది కాదు. పైకి రావాల్సిన దానికంటే తొందరగా వచ్చిన రోజుల గుర్తు అనేవారు. మా వైపు సున్నపురాయి తవ్వి వదిలేసిన గుంతలు చాలా ఉన్నాయి. వాన నీళ్లూ ఊటా చేరి కొన్ని నూట యాభై అడుగుల లోతున నిలిచిపోయాయి. వాటిలో ఎవరైనా పడితే పోలీసులు ఆయనకే కబురు చేసేవాళ్లు. “బతికున్నవాళ్ల కోసం నన్నెప్పుడూ పిలవలేదమ్మా” అని ఒకసారి మామూలుగా అన్నారు.

నేను గుంటూరులో ఈత నేర్పే కోచ్‌ని. ఒకరోజు మనవరాలిని చేర్పించడానికి వచ్చి, గట్టు మీద గంటసేపు నిలబడి నన్నే చూశారు. “తేలడం బాగానే నేర్పుతున్నావు. నీళ్ల మధ్యలో కదలకుండా నిలబడగలవా?” అని అడిగారు. ప్రయత్నించాను. కిందికన్నా పోయాను, పైకన్నా వచ్చాను. ఆయన నవ్వలేదు. “నేర్చుకుంటే వస్తది. నా తర్వాత ఈ పనికి మనిషి లేడు” అన్నారు. ఆ మాటకే ప్రతి ఆదివారం పిడుగురాళ్ల బస్సెక్కడం మొదలుపెట్టాను. ఆరేళ్లు ఎక్కాను.

ఆయన పెరట్లో సిమెంటు తొట్టి ఉండేది. దాని పైన అడ్డకర్రకు మిర్చి బస్తాలు తూచే కాటా వేలాడదీసి, జంట సిలిండర్లు నీళ్లలో మునిగాక ఎంత బరువుంటాయో నాతో తూయించేవారు. నిండుగా ఉన్నప్పుడొక లెక్క, ఖాళీ అయ్యాక ఇంకో లెక్క. తర్వాత ఒంటికి తొడుక్కునే దళసరి రబ్బరు సూటు. “పైనుండగా ఇదే నిన్ను తేలుస్తది. వంద అడుగుల కింద నలిగి అట్టలాగైపోద్ది, ఇంక దేనికీ పనికిరాదు. అది తేల్చడం మానేసిన బరువూ, సిలిండర్లలో గాలి బరువూ కలిపి ఎంతో, సంచి అంత మోయాలి. పైన కాస్త. అంతే.” నాకు ఒకే సందేహం ఉండేది. “ఎక్కువ మోసేదుంటే నష్టమేంటి మాస్టారూ? క్షేమమే కదా?” ఆయన ఖాళీ సంచిని అరచేత్తో నేల మీద చదును చేస్తూ చెప్పారు: “సంచి నిన్ను పైకి తేవడానికి కాదమ్మా. ఎక్కడ ఆగాలో అక్కడ ఆపడానికి. లోతున పీల్చిన గాలి ఒంట్లో కలిసిపోద్ది. ఆగి ఆగి వస్తే మెల్లగా బయటికి పోద్ది. ఆగకుండా వస్తే లోపలే బుడగలు కడతది. పెద్ద సంచిలో గాలి మూలమూలలకీ చేరి కూర్చుంటది. వదలాలన్నా వదలదు.”

విన్నాను. అర్థమైందనే అనుకున్నాను. ఆయన పాత సంచి కుట్ల దగ్గర పిగిలిపోయినప్పుడు, “కొత్తది నువ్వే ఏరి తెప్పించు. ఆరేళ్లు నేర్చుకున్నావుగా” అన్నారు. అది నాకు పరీక్ష. తొట్టి దగ్గర తూచిన లెక్క ప్రకారం ఇరవై కిలోలు మోసేది చాలు. కానీ ఆయన అరవై దాటిన మనిషి, భుజం సరిగా లేదు, శవాన్ని కూడా మోయాలి అనుకున్నాను. నలభై అయిదు కిలోలది తెప్పించాను. ప్రేమతోనే చేశాను. అందులోనే కొంత గర్వం కూడా ఉంది. ఆయనకు తట్టనిది నాకు తట్టిందనుకున్నాను.

ఆయన పెట్టె విప్పి, గాలి నింపి, కాసేపు చూశారు. “ఇది సంచి కాదు, పడవ. తిరిగి పంపించు” అన్నారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆ సాయంత్రమే పంపేదాన్నేమో. చిన్నబుచ్చుకుని, కొలనులో వేసవి శిక్షణ ఉందని సాకు చెప్పుకుని, వారం దాటినా ఆ పెట్టెను ఆయన పెరట్లోనే వదిలేశాను.

పదోరోజు ఉదయం క్వారీ కూలీ ఒకాయన గుంతలో జారిపడ్డాడు. కబురు తెలిసి నేను బస్సు దిగి వెళ్లేసరికి మాస్టారు సూటు వేసుకుని ఉన్నారు. పక్కనే ఆ పెద్ద సంచి. గట్టు మీద ఆ కూలీ భార్య కూర్చుని ఉంది. ఏడవడం లేదు, నీళ్లకేసి చూస్తోంది. “దీంతో వద్దు మాస్టారూ” అన్నాను. “ఇంకోటి లేదుగా” అన్నారు. నన్నెత్తిపొడవడానికి అన్న మాట కాదు. ఆమె వైపు చూసి, “శవం తేలేదాకా రెండురోజులు ఇట్టా కూర్చోబెడతామా?” అని దిగిపోయారు.

తర్వాత జరిగింది ఆయనే చెప్పారు. అడుగున సున్నపు బురద. అది గాలి నింపే మీటలో ఇరుక్కుని, నొక్కింది మళ్లీ పైకి లేవలేదు. గొట్టం ఊడదీసేలోపు సంచి ఉబ్బిపోయింది. గాలి వదిలే తాడు లాగుతూనే ఉన్నారు. చిన్న సంచి అయితే ఆ పాటికి ఖాళీ అయ్యేది. ఎక్కడా ఆగకుండా పైకి వచ్చేశారు. నీళ్ల మీద ఆయన తల కనబడ్డప్పుడు, శవం ఇంత తొందరగా దొరికిందా అని గట్టు మీదివాళ్లు సంతోషించారు. గడియారం చూసింది నేనొక్కదాన్నే. ఆగి ఆగి రావడానికి ఆ సమయం చాలదు. గట్టెక్కాక కాళ్లు ఉన్నట్టే తెలియడం లేదన్నారు. అలాంటివాళ్లను పెట్టి నయం చేసే పీడనపు గది ఉన్న ఊరు చేరేసరికి సాయంత్రమైంది.

మర్నాడు మధ్యాహ్నం ఆ కూలీ శవం దానంతటదే తేలింది. అడుగుకు వెళ్లనే లేదు. ఇరవై అడుగుల లోతులో ఉన్న రాతి మెట్టు మీదే ఆగిపోయిందని తేలిన చోటును బట్టి తెలిసింది.

మాస్టారు మూడేళ్లు మంచం మీద బతికారు. ఆదివారాలు వెళ్లేదాన్ని. ఒకరోజు ఆయన కాలి పుండుకు కట్టు మారుస్తూ, ఇక ఆపుకోలేక, “ఆ పెట్టె పంపేసి ఉంటే మీరు దిగేవాళ్లు కాదు” అన్నాను. కాదంటారని ఎదురుచూశాను. ఆయన “అవును, దిగేవాణ్ణి కాదు” అన్నారు. తర్వాత, “చూసి కూడా దిగింది నేను. నీ తప్పు నువ్వు మోసుకో. నాది నాకు వదిలెయ్” అన్నారు. అబద్ధంతో ఓదార్చే మనిషి కాదాయన. ఆ ప్రమాదం తర్వాత నేను లోతు నీళ్లలోకి దిగలేదు. గుంతల దగ్గర నుంచి పోలీసుల ఫోన్లు వచ్చాయి. రానని చెప్పాను. ఇప్పుడు శవాలను కొక్కేలు వేసి లాగుతున్నారట.

ఆయన పోయిన నలభయ్యో రోజున వాళ్లింట్లో భోజనాలు పెట్టారు. అందరూ వెళ్లాక ఆయన భార్య ఖాసింబీ గారు గిన్నెలు తోముతూ అన్నారు: “ఆ మాయదారి సంచి ఆయనే ఏరికోరి తెప్పించుకున్నాడంటమ్మా. నువ్వు వద్దన్నా విన్లేదంట. నాతో ఎన్నిసార్లు చెప్పాడో.”

నా చేతిలో తడి గిన్నె ఉంది. కాదండీ, నేనే తెప్పించాను అనడానికి అయిదు క్షణాలు పట్టేది. “అవునండి” అన్నాను.

అది జరిగి రెండేళ్లయింది. ఆమె ఇప్పటికీ నన్ను కూతురిలాగే చూస్తారు, ఊరెళ్తే అన్నం తినకుండా పంపరు. చెప్పాలని వెళ్లిన ప్రతిసారీ తిని వచ్చేశాను. ఆమెకు చదువు రాదు. అందుకే ఇదంతా రాయగలిగాను.