దివిసీమకు తోలిన బందరు మట్టి

గత నెల బందరులో ఆకుకూరలు పండించే దీనమ్మ గారి తోటకూర మడి నుంచి కాస్త మట్టి తెచ్చి, పరీక్షలు చేసే మిత్రుడికిచ్చాను. మొన్న ఆయన ఫోన్ చేశాడు. సీసం, కాడ్మియం ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువున్నాయట. ఇలాంటి మాట ఆమెకు ఫోన్లో చెప్పడానికి మనసొప్పలేదు. గుడివాడలో ఏడింటి బస్సెక్కి, పామర్రులో మారి బందరు చేరాను. మీరూ ఇటే వస్తే పామర్రులోనే టిఫిన్ చేసేయండి. ఊరి చివర మళ్ల దగ్గర టీ కూడా దొరకదు.

ఆ మడిని ఆనుకుని మురుగు కాలువ. గిల్టు నగలకు పూత పూసే షెడ్ల నీళ్లన్నీ అందులోకే. వేసవిలో ఎండినప్పుడు అడుగున నల్లటి పూడిక తీసి మళ్లకు వేస్తారు. కాలువ పూడిక చేనుకు బలమని డెల్టాలో తాతల నాటి నమ్మకం. కృష్ణ ఒండ్రు మోసుకొచ్చే కాలువైతే నిజమే. ఇది ఆ కాలువ కాదు. ఆ సంగతి ఆకుని చూస్తే తెలియదు. తోటకూర మోకాలెత్తున నిగనిగలాడుతోంది.

విషయం చెప్పాను. ఆమె తన పంట గురించి ఒక్క మాటా అడగలేదు.

"మా తమ్ముడికి రెండు ట్రాక్టర్లు తోలించానండీ ఈ కాలువ మట్టి," అన్నారు. "వాడి చేను చవుడు. ఏం వేసినా మాడిపోతోందని నేనే పంపాను."

తమ్ముడు ఏసుపాదం ఉండేది దివిసీమలో, అవనిగడ్డ దాటాక. ఫోన్ ఎత్తలేదు. మట్టి ఇంకా కుప్పగానే ఉంటే ఎత్తించేయొచ్చు. కలియదున్నేస్తే ఇక చేసేదేం లేదు. చల్లపల్లి మీదుగా బస్సులున్నాయి గానీ ఆగే ఓపిక లేక పన్నెండు వందలకు ఆటో మాట్లాడాం.

మా మాటలు విని డ్రైవరు నవ్వాడు. "మా ఆవిడ రోజూ ఆకుకూర తినమని ప్రాణం తీస్తది సార్. ఇవాళ మీ పేరు చెప్పి తప్పించుకుంటా."

"ఆకుకూర మానమని కాదయ్యా. అందులోకి విషం వదిలినవాణ్ణి నిలదీయమంటున్నా."

"నిలదీస్తే మా బావమరిది పని పోద్ది సార్. ఆ షెడ్డులోనే చేస్తాడు."

"ఆ పూత ఆవిరి ముందు పీల్చేదీ అతనేగా?"

పులిగడ్డ వంతెన మీద కృష్ణ పాయ దాటి దివిసీమలోకి దిగాం.

ఏసుపాదం ఇంటి ముందే ఎదురొచ్చాడు. "ఏంటక్కా, చెప్పకుండా వచ్చావు?"

"మట్టేం చేశావురా?"

"ఎప్పుడో దున్నించేసి పాలకూర చల్లాను. ఈ చేలో పచ్చదనం చూసి ఎన్నేళ్లయింది, రా చూద్దువు గాని."

అతని భార్య లోపలి నుంచి, "వదినా, పాలకూర పప్పు చేశాను, భోంచేసే వెళ్లాలి," అంది.

"వద్దమ్మా," అన్నారు దీనమ్మ గారు. "మీరూ తినొద్దు."

మిగతాది నేను చెప్పాల్సి వచ్చింది. ఉప్పు నేలలో కాడ్మియం ఇంకా తేలిగ్గా ఆకులోకి ఎక్కుతుందని కూడా చెప్పాను. ఏసుపాదం చేను వైపు చెయ్యి చూపాడు.

"ఉప్పయితే నీళ్లు నిలగట్టి కడిగేవాణ్ణండీ. దీన్నెలా కడగాలి?"

కడిగితే పోదన్నాను. తినే పంటలొద్దు, పూలేసుకో అన్నాను. చెబుతుంటే నాకే అది సలహాలా అనిపించలేదు.

"నీకు మంచి చేద్దామనుకున్నాన్రా," అన్నారామె.

"నువ్వు పంపకపోతే నేనే అడిగేవాణ్ణిలే అక్కా."

ఆమె చీర కుచ్చిళ్లు ఎగదోపి మడిలోకి దిగారు. వేళ్లతో సహా పాలకూర పీకి గట్టున వేస్తూ, "గొడ్లకు వేసేవు, వాటికీ వద్దు," అన్నారు. తమ్ముడూ దిగాడు. తిరుగు ఆటోలో నేనొక్కణ్ణే వచ్చాను.

రైతుకి తెలివి లేదని రాసే పెద్దమనుషులకు నాదొక ప్రశ్న: మురుగు నీటిని శుద్ధి చేయకుండా వదిలేవాడికి తెలివి లేకనా? చూసీ చూడనట్టు పోయే అధికారికి తెలియకనా? వాళ్లకు మిగిలిన లాభం వాళ్ల దగ్గరే ఉంది. నష్టం మాత్రం ఓ అక్క ప్రేమగా పంపిన మట్టిలో కలిసి ఏరు దాటింది. మనం ఎంత అరిచినా ఆ నేల మళ్లీ మునుపటి చవుడు నేలగా కూడా మారదు.

మీరు మట్టి తోలించుకునే ముందు సీసం, కాడ్మియం పరీక్ష అడిగి మరీ చేయించండి. మామూలు భూసార పరీక్షలో వాటిని చూడరు. ఆకుని ఉప్పునీళ్లలో కడిగితే చాలనుకోకండి. పైన అంటింది పోతుంది, వేరు తాగింది పోదు.