లైను మామకు నాలుగు పెసర గింజలు

కువైట్‌లో మాకు ఓటు లేదు, ఊళ్ళో ఉన్న ఓటు వెయ్యడానికి మేము ఊళ్ళో లేము. ఎనభైలు మొదలయ్యే ఆ రోజుల్లో ఇండియాలో ఎప్పుడు ఎన్నికలొచ్చినా మేము సబ్హాన్‌లో గోడౌన్ల వెనకాల రేకుల షెడ్లలో కూర్చుని, రేడియోకు చెవులానించి, మాకు పైసా ఉపయోగం లేని మెజారిటీలు విని, వాటికోసం చొక్కాలు పట్టుకుని పోట్లాడుకునేవాళ్ళం. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. కడపలో డిగ్రీ వెలగబెట్టి అక్కడ స్టోరు క్లర్కుగా చేరాను. కాలేజీలో రాజనీతి శాస్త్రం చదివాను కాబట్టి ప్రజాస్వామ్యం గురించి నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం (ఓటు మాత్రం అప్పటికి ఒక్కసారి కూడా వెయ్యలేదు). అలాంటి నేను జీవితంలో మొట్టమొదటి ఓటు వేసింది ఆ క్యాంపు మెస్సులోనే. అది కాగితం కాదు, ఒక పెసర గింజ. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది, ఆ నవ్వు వెనకాలే కడుపు మండుతుంది.

మా క్యాంపుకు ఒక పెద్ద ఉండేవాడు. నీళ్ళ ట్యాంకరు రాకపోయినా, మెస్సులో బియ్యం ముక్కిపోయినా వెళ్ళి ఫోర్‌మన్‌తో చెప్పడం ఆయన పని. ఇవన్నీ పైపై ముచ్చట్లు. అసలు పెత్తనమంతా సెలవుల దగ్గర ఉండేది. రెండేళ్ళకోసారి ఊరికి పంపుతామని మాట ఇచ్చి తీసుకొచ్చినా, గోడౌన్ ఖాళీ అయిపోతుందని ముదీర్ (పై మేనేజరును అక్కడ అలాగే అనేవాళ్ళం) ఒకేసారి ఇద్దరికి మించి వదిలేవాడు కాదు. ఆ ఇద్దరూ ఎవరన్నది క్యాంపు పెద్ద నోట్లోంచి రావాలి. అందుకని ఆయనకు టీ తెచ్చేవాళ్ళు, సిగరెట్ అందించేవాళ్ళు, కాళ్ళు నొప్పులంటే పిసికేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. అప్పుడున్న పెద్ద తన పేరే చెప్పుకుని సెలవు మీద వెళ్ళి, ఊళ్ళో కిరాణా కొట్టు పెట్టుకుని, ఇక రానని కబురు పంపాడు. ఇక కొత్త పెద్దను మనమే ఎన్నుకుందామని, శుక్రవారం మెస్సులో ఎలక్షన్ పెట్టుకుందామని అందరూ తీర్మానించారు.

నిలబడింది ముగ్గురు. మొదటివాడు ఫోర్‌మన్‌గారి బామ్మర్ది. ఆయనకు వేరే అర్హత అక్కర్లేదు కదా. రెండో ఆయన గోదావరి బాబాయి, మెస్సు కాంట్రాక్టరుకు ప్రాణస్నేహితుడు, తను గెలిస్తే శుక్రవారం శుక్రవారం వేటమాంసమని వాగ్దానం చేశాడు. మూడో ఆయన లైను మామ. రాయచోటి పక్క పల్లెటూరు ఆయనది, గోడౌన్లో పెట్టెలకు మేకులు కొట్టే పని. తెల్లవారుజామున బాత్రూముల ముందు ఎవడైనా ముందుకు దూరితే చాలు, "లైన్లో రాండప్పా, లైన్లో రాండి, మేము మనుషులం గాదా?" అని కేకేసేవాడు. అందుకే ఆ పేరు. ఆయనకున్నది ఒకటే కోరిక. ఎవరు ముందు వచ్చారో వాళ్ళు ముందు సెలవు మీద పోవాలి. ఎందుకంటే మా అందరికంటే ముందు వచ్చింది ఆయన, ఒక్కసారి కూడా పోనిదీ ఆయనే. ఆయన విమానం ఎక్కేనాటికి భార్య కడుపుతో ఉంది. పుట్టిన పిల్లవాడి గొంతు ఊరినుంచి క్యాసెట్టులో వచ్చేది, మామ టేపురికార్డరు ముందు కూర్చుని వినేవాడు. "నాయనేడిరా అంటే గోడమీది ఫోటో చూపిస్తాడంట. ఫోటోకి అన్నం పెట్టమంటాడంట" అని నవ్వుతూ చెప్పేవాడు. మేమూ నవ్వేవాళ్ళం.

నేను లైను మామ పక్షం చేరాను. ప్రచారమంతా పొద్దున పనికి పోయే బస్సులో, సాయంత్రం కొళాయి దగ్గర. రాజనీతి శాస్త్రమంతా కక్కేశాను. "రెండు పక్షాలూ ఒకటేనన్నా, ఎవరు గెలిచినా ఫోర్‌మన్ చేతిలోనే ఉంటారు, మధ్యలో మామను చూడండి" అని ఒక డ్రైవరన్నతో అంటే ఆయన మెత్తగా నా భుజం తట్టి, "మామ బంగారమట్లాంటి మనిసి నాయనా. గానీ గెలవడు గదా. గెలవనోనికి ఏస్తే ఓటు మోరీలో పారేసినట్లే" అన్నాడు. "అందరూ వేస్తే గెలుస్తాడు కదన్నా?" అన్నాను. "అందరూ యాడ ఏస్తారప్పా, గెలవడని వాళ్ళకూ తెలుసు గదా!" అన్నాడు. ఈ మాట నాకు షెడ్డు షెడ్డులోనూ ఎదురైంది. ప్రతివాడికీ మామే కావాలి, ప్రతివాడూ పక్కవాడు వెయ్యడని వెయ్యడు. నాకు తిక్క రేగి ఒకరిద్దరిని తిట్టాను కూడా. దాంతో ఉన్న ఓట్లు కూడా పోయాయని మామ నన్ను మందలించాడు.

మామే అప్పుడు ఒక ఉపాయం పట్టుకొచ్చాడు. "మనిసికి ఏయకపోతే పాయె, మాటకన్నా ఏయమను" అన్నాడు. అంటే, క్యాంపు పెద్ద ఎవరన్నది ఒక ఓటు, సెలవులు వరుసలో ఇవ్వాలా వద్దా అన్నది విడిగా ఇంకో ఓటు. గెలిచినవాడు ఎవడైనా సరే ఆ రెండో ఓటుకు కట్టుబడాలి. ఇది అందరికీ తెగ నచ్చింది. అది చూసి గోదావరి బాబాయి ఊరుకుంటాడా, "మరి రాత్రిపూట రొట్టె తీసేసి అన్నం పెట్టాలా అన్నది కూడా అడగాలండి, అదీ ప్రజాసమస్యేనండి" అని మూడో డబ్బా పెట్టించాడు.

ఎన్నికల అధికారిగా హైదరాబాద్ మాస్టర్‌సాబ్‌ను పెట్టుకున్నాం. ఆయన క్యాంపులో యూనిఫారాలు కుట్టేవాడు, ఏ ఊరి గొడవలోనూ లేడు. సగం మందికి చదువు రాదు కాబట్టి వంటింట్లోంచి గింజలు తెప్పించాడు. బామ్మర్దికి శనగలు, బాబాయికి కందులు, లైను మామకు పెసలు. రెండో డబ్బాలోనూ మూడో డబ్బాలోనూ అవునంటే ఎండుమిరపకాయ, కాదంటే వెల్లుల్లి రెబ్బ. దుప్పటి తెర కట్టి, ఒక్కొక్కరే లోపలికి పోయి వేసి రావాలి. లైనులో నిలబడి శనగలు నములుతున్న ఒకణ్ణి పట్టుకుని, "అరే, ఓటు తింటున్నవా భయ్!" అని మాస్టర్‌సాబ్ వెనక్కి పంపాడు. అంతా సిద్ధమైంది అనుకునే లోపల ఆయనకు ఒక లోటు కనిపించింది. "ఇంకు ఏది? వేలికి ఇంకు వెయ్యకపోతే అది ఎలక్షన్ ఎట్లయితది? పిల్లగాళ్ళ ఆట లెక్క అయితది" అన్నాడు. అందరూ ఔను ఔనన్నారు. ఇంకు లేని ఎన్నిక మన దేశంలో ఎక్కడైనా ఉందా! స్టోరులో చెక్కపెట్టెల మీద అడ్రసులు కొట్టే నల్ల రంగు డబ్బా ఉంది. నేను పరుగెత్తి తెచ్చాను. మాస్టర్‌సాబ్ చూపుడువేలికి గోటి నుంచి కణుపు దాకా పట్టించి మరీ పంపాడు. ఆ రంగు ఎడారి ఎండకైనా, ఓడ మీద ఉప్పునీళ్ళకైనా చెరగకూడదని తయారుచేసిందని అప్పుడు ఒక్కడికీ తట్టలేదు.

సాయంత్రానికి లెక్క తేలింది. శనగలు గెలిచాయి, కందులు కొద్దిలో ఓడాయి. పెసలు నాలుగు. రెండో డబ్బా తిరగేస్తే మాత్రం ఎర్రగా మిరపకాయలు కుప్ప పడ్డాయి, వెల్లుల్లి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మూడో డబ్బాలో అన్నం గెలిచింది. లైను మామ మాట గెలిచింది, మామ డిపాజిట్ పోయింది. బామ్మర్దిని భుజాలమీద ఎక్కించుకుని మెస్సు చుట్టూ తిప్పారు. వంటవాడు వచ్చి ఓట్లన్నీ ఊడ్చుకుపోయి పప్పులో వేశాడు. మామ ఆ పప్పు రెండోసారి వడ్డించుకుని, "బాగుండాది, రోంత కారం ఎక్కువైంది" అన్నాడు. ఆ మిరపకాయలు చూసుకునే ఆయన మురిసిపోయాడు.

మరునాడు పొద్దున ముదీర్ గోడౌన్‌కు వచ్చాడు. సరుకు కాగితం అందిస్తుంటే నా వేలు చూశాడు. "షినూ హాదా?" (ఇదేమిటి?) అన్నాడు. రంగు అంటుకుందన్నాను. ఇంతలో డ్రైవరు వచ్చాడు, ఆయన వేలూ నలుపే. పెట్టె ఎత్తేవాడి వేలూ నలుపే. ముదీర్ ముఖం మారిపోయింది. అందరినీ బయట వరుసగా నిలబెట్టి, బళ్ళో గోళ్ళు చూసినట్టు చేతులు చాపమన్నాడు. అన్నీ నల్లవేళ్ళే. ఇదేదో ఒట్టు పెట్టుకున్న గుర్తని, యూనియన్ కట్టామని ఆయనకు అనుమానం. గుంపు కట్టడమంటే అక్కడ మామూలు నేరం కాదు. "మీ లీడర్ ఎవడు?" అని అడిగాడు. ఫోర్‌మన్ తెలుగులో అదే అడిగాడు.

ముందురోజు భుజాలమీద ఊరేగిన మా లీడరు చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని ఆకాశం చూస్తున్నాడు. అప్పుడు గోదావరి బాబాయి గొంతు సవరించుకుని, "ఈ సెలవల గొడవంతా లేవదీసింది లైను మామేనండి, మాకేం తెలీదండి" అన్నాడు. అంతమందిలో ఒక్కడూ కాదనలేదు. లైను మామ ఒక్క అడుగు ముందుకేసి, "నిలబడినా సార్. ఓడిపోయినా సార్" అన్నాడు. ఫోర్‌మన్ నిలబడడం వరకే అరబ్బీలో చెప్పాడు, ఓడిపోవడం మింగేశాడు. నాకు ఒళ్ళు మండి, వచ్చిన ఇంగ్లీషులో, ఈయన ఓడిపోయాడు సార్, ఈయనకు వచ్చింది నాలుగే ఓట్లు సార్ అని అరిచాను. ముదీర్ నా వైపు తిరిగి, అయితే గెలిచిందెవరన్నాడు. నేను బామ్మర్ది వైపు వేలు చూపించాను. ఫోర్‌మన్ పకపకా నవ్వి, "వాడు మా ఇంటివాడు సార్, నిన్న మెస్సుకు భోజనానికి వచ్చాడు, ఎవరో రంగు పూశారు" అని చెప్పాడు. ముదీర్ కూడా నవ్వాడు. ఎన్నికలో ఓడిపోయిన మనిషి ఆ క్షణాన మా అందరికీ ఏకగ్రీవంగా లీడరయ్యాడు.

వారం తిరగకుండా మామ ఇఖామా క్యాన్సిల్ చేశారు. ఇఖామా ఉంటేనే ఆ దేశంలో ఉండనిస్తారు, అది పోతే ఇంటికే, మళ్ళీ రావడానికి లేదు. కంపెనీ వ్యానులో సూట్‌కేసు పెడుతూ, "చూసినావా అబ్బోడా, లైన్లో నేనే ముందర" అని నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. వ్యాను కదిలేముందు చెయ్యి పట్టుకుని, "ఆ నాలుగింటిలో ఒకటి నాది, ఒకటి నీది. తక్కిన ఇద్దరూ ఎవురో కనుక్కోప్పా. ఒక మాట చెప్పిపోదామంటే తెలీదాయె" అన్నాడు.

ఆ తర్వాత ఏమైందో వింటే మీకూ మండుతుంది. మళ్ళీ గొడవ లేవకుండా ముదీరే స్వయంగా ఆర్డరు వేశాడు, ఎవరు ముందొస్తే వాళ్ళకు ముందు సెలవని. క్యాంపంతా పండగ చేసుకుంది. ఆ ఇద్దరూ ఎవరా అని నేను అడగడం మొదలుపెట్టాను. అడిగిన ప్రతివాడూ గుండెమీద చెయ్యేసుకుని, "నేనే గదప్పా!" అన్నాడు. డ్రైవరన్న, వంటవాడు, శనగలు నమిలినవాడు, అందరూ మామకే వేశారట. చివరికి బామ్మర్ది కూడా ఒకరోజు సిగరెట్ అంటించుకుంటూ, "మొగమాటానికి నిలబడినా గానీ, నేను గూడా మామకే ఏసినా" అన్నాడు. ఆ లెక్కన గెలిచినవాడికి ఒక్క ఓటు కూడా పడలేదన్నమాట.

నా వంతు వచ్చి సెలవు మీద వెళ్ళినప్పుడు రాయచోటి పోయాను. మామ ఒక నూనె మిల్లులో మూటలు మోస్తున్నాడు. మనిషి సగమయ్యాడు. పిల్లవాడు ఆయన లుంగీ పట్టుకుని నిలబడి నన్ను చూస్తున్నాడు. టీ తాగుతూ, "కనుక్కున్నావా ఆ ఇద్దరెవురో?" అని అడిగాడు. అబద్ధం చెప్పలేక, "అందరూ నీకే వేశామంటున్నారు మామా" అన్నాను. ఆయన గట్టిగా నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక, కోపమేమీ లేకుండానే, "అంతమంది ఏసినోళ్ళు, ఒక్కడన్నా కార్డు ముక్క రాయలేదేమప్పా?" అన్నాడు.

ఇప్పుడు నేను ఊళ్ళోనే ఉన్నాను, నా ఓటు నా చేతిలోనే ఉంది. ప్రతి ఎన్నికలోనూ ఎవడో ఒక స్వతంత్రుడు, గెలవడని ఊరంతటికీ తెలిసినవాడు, సరైన మాట ఒకటి పట్టుకుని నిలబడతాడు. నేను వాడికే వేసి వస్తాను. ఫలితాలొచ్చిన మరునాడు పోస్టాఫీసుకు పోయి కార్డు కొని, "అయ్యా, మీకు పడిన వాటిలో ఒకటి నాది" అని రాసి, కింద నా పేరూ ఊరూ స్పష్టంగా పెట్టి డబ్బాలో వేస్తాను. ఈ వయసులో ఇదేం పిచ్చని ఇంట్లో నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఒక్కరైనా ఇంతవరకు జవాబు రాయలేదు.