ఆటలమ్మతో లిస్బన్ యాత్ర

ఇరవై మూడేళ్ళు నిండీ నిండని ఆ రోజుల్లో నేను చూసిన ఊళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. కాకినాడ, రాజమండ్రి, తిరుపతి, హైదరాబాదు. హైదరాబాదులో కూడా నేను చూసినదల్లా మాదాపూర్‌లో మా హాస్టలు, రాయదుర్గంలో మా ఆఫీసు, ఆ రెంటి మధ్యా ఉన్న ట్రాఫిక్కు. అయినా నాతో పది నిమిషాలు మాట్లాడినవాళ్ళు, వీడు దేశాలు పట్టి తిరిగినవాడని అనుకునేవారు. దానికి కారణం నేను చదివే యాత్రా పుస్తకాలు. ఫలానా చోట ఫలానా కోట ఉంది, ఇన్నింటికి తలుపులు తీస్తారు అని చెప్పే రకం కాదు. ఒక మనిషి ముక్కూ మొహం తెలియని ఊళ్ళో గది అద్దెకి తీసుకుని, ఆ ఊరి వాననీ, రొట్టెల వాసననీ, పక్కింటావిడ కోపాన్నీ తీరిగ్గా రాసుకుంటూ పోయిన పుస్తకాలు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం (దాన్నే టెస్టింగ్ అంటారు) నా ఉద్యోగం. అలాంటివాడికి, ఎవరో ఒకాయన వీధి మలుపులో నిలబడి ఏమీ వెతక్కుండా ఊరికే చూస్తున్నాడంటే, అంతకన్నా వైభోగం ఇంకేముంటుంది? ముగ్గురం ఉండే గదిలో నా వాటాకి వచ్చినవి ఒక మంచం, సగం బీరువా. ఆ మంచం మీద పడుకునే నేను ఎన్నో నదులు దాటాను.

ఉద్యోగంలో చేరిన ఏడో నెలలో, రెండు రోజుల సెలవు మీద కాకినాడ వెళ్ళాను. వెళ్ళిన మర్నాడే ఆటలమ్మ పోసింది. ఈ వయసులో ఆటలమ్మేమిటని నాకే సిగ్గేసి, సొంత పని పడిందని ఆఫీసుకి మెసేజ్ పెట్టి రెండు వారాలు ఉండిపోయాను. మా అమ్మ నన్ను ఒక గదిలో వేపాకుల మధ్య పడుకోబెట్టి, గోకావంటే చేతులు కట్టేస్తానని బెదిరించి తలుపు దగ్గరికి వేసింది. నా సంచిలో ఉన్నది ఒకే ఒక్క పుస్తకం. ఎవరో పెద్దాయన లిస్బన్‌లో ఏడాది పాటు కాపురం ఉండి రాసింది. నాలుగుసార్లు చదివాను. ఏటవాలు వీధులు, పసుపు రంగు ట్రాములు, గోడలకి నీలం పలకలు, చినుకు పడితే జారే తెల్లరాతి బాట, ఒక మెట్లదారిలో ఐదో మెట్టు మీద ఎప్పుడూ పడుకుని ఉండే ఒంటికంటి పిల్లి. దురద పుట్టినప్పుడల్లా ఆ పిల్లిని తలుచుకుని చేతులు ఒంటికి తగలకుండా ఆపుకునేవాణ్ణి.

తిరిగొచ్చేటప్పుడు వట్టి చేతులతో వెళ్ళడం బాగుండదనిపించింది. హైదరాబాదులోనే, మదీనాగూడలో మా పిన్ని వాళ్ళింట్లో దిగి, పక్క దుకాణంలో ఒక పెద్ద చాక్లెట్ల పెట్టె కొన్నాను. దాని మీద నాకు తెలియని భాషేదో రాసుంది. మర్నాడు దాన్ని నా బల్ల మూలన పెట్టి, నా దగ్గర చాక్లెట్లున్నాయి, వచ్చి తీసుకోండి అని టీమంతటికీ మెయిల్ కొట్టాను. ఆ చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి నా పొరపాటు ఈపాటికే అర్థమై ఉంటుంది. సొంతూరు వెళ్ళొచ్చినవాడు పూతరేకులో, కాజాలో, అరిసెలో తెస్తాడు. బల్ల మూలన విదేశీ చాక్లెట్లు పెట్టి మెయిల్ కొట్టేవాడు మాత్రం విమానం దిగొచ్చినవాడే. ఎవరూ ఎక్కడా రాయలేదు గానీ, వాచ్‌మన్ నుంచి వైస్ ప్రెసిడెంటు దాకా అందరికీ తెలిసిన నియమం ఇది.

మొదట వచ్చింది శంకర్‌పల్లి అక్క. నాకంటే నాలుగేళ్ళు సీనియరు, నాకు పని నేర్పిన మనిషి. ఆవిడ సొంతూరి పేరుతోనే పిలిచేవాళ్ళం. వెనకే మిగతావాళ్ళూ చేరారు. "ఏంది తమ్మీ, చెప్పకుంట ఏడికి పోయినవ్?" అని చాక్లెట్ రేపరు విప్పింది. పుస్తకం ఇంకా తలలో తిరుగుతోందేమో, "రెండు వారాలూ లిస్బన్‌లోనే ఉన్నానక్కా" అన్నాను. అందరూ నవ్వితే ఆటలమ్మ సంగతి చెబుదామనే అనుకున్నాను (ఈ మాట ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను). ఎవరూ నవ్వలేదు. అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "మొకం మీద గీ మచ్చలేంది? ఎండకు పొక్కినట్టున్నవ్. ఇగ చెప్పు, ఎట్లుంటది ఆడ?" అంది. నిజం చెప్పడానికి నోరు తెరిచాను, నోట్లోంచి ట్రాము బయటికొచ్చింది.

తరవాతి నెలంతా క్యాంటీన్‌లో నాకు రాజభోగమే. ట్రాములో ఎడమవైపు కూర్చోవాలి, అప్పుడే మలుపులో నది కనిపిస్తుంది అని చెప్పేవాణ్ణి. పిల్లి గురించి చెబితే అన్నం తినడం మానేసి వినేవారు. అక్కయితే ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని రాసుకునేది కూడా. "ఎప్పటికన్న పోతే అక్కరకొస్తది" అనేది. ఆవిడ ఇంట్లో అప్పటిదాకా ఎవరూ విమానం ఎక్కలేదు. నాలుగేళ్ళ కిందటే పాస్‌పోర్ట్ తీయించుకుని, నలగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రోజూ హ్యాండ్‌బ్యాగులో తెచ్చుకునేది. ఏమో, విదేశానికి వెళ్ళమని ఆఫీసువాళ్ళు ఎప్పుడు పిలుస్తారో! పిలిచినప్పుడల్లా ఇంకెవరినో పిలిచేవారు.

సరిగ్గా అప్పుడే మా కంపెనీకి కొత్త పని వచ్చింది. ఎక్కడినుంచంటారా? భూగోళం మీద ఇన్ని ఊళ్ళుండగా లిస్బన్ నుంచి. అక్కడికి నాలుగు నెలలకి ఒక్కరిని పంపాలి. మా మేనేజరు గారిది గుంటూరు. ఏ పని చెప్పినా "ఈఓడీ కల్లా", అంటే సాయంత్రానికల్లా కావాలనేవారు కాబట్టి మేమాయనకి ఈఓడీ గారని పేరు పెట్టుకున్నాం. ఆయన నన్ను గదిలోకి పిలిచి, "ఏమయ్యా, ఊరు తిరిగొచ్చినవాడివి నువ్వుండగా ఇంకొకళ్ళని ఎందుకు పంపటం? వీసా కూడా తేలిగ్గా వస్తది. శుక్రవారం ఈఓడీ కల్లా పాస్‌పోర్ట్ కాపీ, పాత వీసా పేజీ పంపించెయ్" అన్నారు. సరేనండి అన్నాను. బయటికొచ్చి నీళ్ళ మిషన్ దగ్గర నిలబడి మూడు గ్లాసులు తాగాను. పాత వీసా మాట అలా ఉంచండి, నాకసలు పాస్‌పోర్టే లేదు.

అది సోమవారం. మంగళవారం నుంచి మెయిల్ వచ్చిన చప్పుడైనప్పుడల్లా ఈఓడీ గారిదేమోనని ఉలిక్కిపడేవాణ్ణి. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అబద్ధం బయటపడితే ఉన్నపళంగా ఇంటికి పంపేస్తారు. అప్పుడు కాకినాడలో మా నాన్నకి ఏమని చెప్పాలి? పిల్లి గురించి చెప్పినందుకు ఉద్యోగం పోయిందనా? పాస్‌పోర్ట్ పోయిందని చెబుదామా అనుకున్నాను. పోలీసు రిపోర్టు అడుగుతారు. మళ్ళీ జ్వరం తెచ్చుకుందామా అనుకున్నాను. ఆటలమ్మ రెండోసారి రాదట. అన్నిటికంటే సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. ఇంత భయంలోనూ నా మనసు రహస్యంగా ఆ మెట్లెక్కుతోంది. కొత్త పాస్‌పోర్ట్ తొందరగా ఎలా తీసుకోవచ్చో బుధవారం మధ్యాహ్నం ఫోన్‌లో వెతికాను. అక్క నాలుగేళ్ళుగా ఎదురుచూస్తోందని తెలిసే వెతికాను.

గురువారం నాలుగింటికి, లిస్బన్‌కి నన్నే పంపుతున్నారని విని అక్క నన్ను కింద టీ బండి దగ్గరికి తీసుకెళ్ళింది. చేతిలో ఒక సంచి. అందులోంచి మెరూన్ రంగు స్వెటర్ తీసి నా చేతిలో పెట్టింది. "పాస్‌పోర్ట్ వచ్చిన నాడే కొనుక్కున్న. గీ ఊళ్ళె దీంతోటి ఏం పని? నీకు జర వదులైతదేమో గానీ తీస్కపో. ఆడ చలి ఉంటదని నువ్వే చెప్తివి గద" అంది. స్వెటర్‌కి ఇంకా దుకాణం చీటీ వేలాడుతోంది.

"అక్కా, నేను లిస్బన్ వెళ్ళలేదు" అన్నాను.

"ఇంక పోలేదు, పోతవ్ గద."

"అది కాదక్కా. ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ రెండు వారాలూ కాకినాడలో ఉన్నాను. ఆటలమ్మ పోసింది."

అక్క టీ గ్లాసు బండి మీద పెట్టింది. "మరి ఆ ట్రాము?"

"పుస్తకంలోది."

"మెట్ల మీద పిల్లి?"

"అదీ పుస్తకంలోదేనక్కా."

"చాక్లెట్లు?"

"మదీనాగూడ."

ముందు నవ్వింది. అలా ఇలా కాదు, టీ బండాయన కూడా తిరిగి చూసేలా నవ్వింది. నేను కూడా తేలికపడి నవ్వబోతుండగా ఆపేసింది. కళ్ళు తుడుచుకుంటుంటే అవి నవ్వు నీళ్ళో మరేమిటో తెలియలేదు. "నాలుగేండ్ల సంది ఎదురుచూస్తున్న తమ్మీ. నన్ను దాటి పోయినోళ్ళంత నిజంగ పని తెలిసినోళ్ళు, పోనీ అనుకున్న. నువ్వు మంచంల పండుకోని నా సీటు తీస్కుంటివి" అంది. స్వెటర్ నా చేతిలోంచి తీసుకుని మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. ఆ తరవాత నన్నెవరు ఎన్ని తిట్టినా అంత బాధ కలగలేదు.

టీ తాగకుండానే లిఫ్టెక్కాను. ఈఓడీ గారి ఎదుట నిలబడి, ఆటలమ్మ దగ్గర మొదలుపెట్టి చాక్లెట్ల దాకా ఏకరువు పెట్టాను. "పాస్‌పోర్ట్ కూడా లేదా?" అన్నారాయన. లేదండి అన్నాను. "నేను మా ఆవిడకి కూడా చెప్పానయ్యా, ఎడమవైపు కూర్చోవాలంటగా అని" అన్నారు. (ఆయనకి అసలు కోపం అక్కడే వచ్చిందని నా అనుమానం.) ఉద్యోగం ఖాయం చేయడం ఆర్నెల్లు వెనక్కి వేశారు. శంకర్‌పల్లి అక్క పేరు పంపారు. నేను తలుపు దాకా వెళ్ళాక వెనక్కి పిలిచి, "ఆ ఊరి గురించి నీకు తెలిసిందంతా కాగితం మీద పెట్టి ఆ అమ్మాయికివ్వు. రేపు ఈఓడీ కల్లా" అన్నారు.

ఇరవై రెండు పేజీలు రాసిచ్చాను. నా జన్మలో అంత శ్రద్ధగా ఏ ఆఫీసు కాగితమూ రాయలేదు. అక్క మాట్లాడకుండా తీసుకుంది, మాట్లాడకుండానే విమానం ఎక్కింది. పదో రోజున మొదటి మెయిల్ వచ్చింది. మేం టెస్టింగ్‌లో తప్పుల జాబితా ఎలా రాస్తామో అచ్చం అలాగే ఉంది. "మెట్లు: ఉన్నయి. నీలం పలకలు: ఉన్నయి, నువ్వు చెప్పినదానికంటె మంచిగున్నయి. జారే బాట: నిజమే, రెండుసార్లు పడ్డ. ట్రాముల ఎడమ పక్క: తప్పు, నది కుడి పక్కన కనపడ్తది. పిల్లి: లేదు, మూడుసార్లు పోయి చూసిన." చివర్న ఇంకో వాక్యం. "ఒక్కటి నీ పుస్తకంల రాయలె. పొద్దుగూకినంక తెలుగు మాట్లాడబుద్ధయితది, ఎవ్వరుండరు. స్వెటర్ వేస్కోని కిటికీల కూసుంట." అది చదివి నాకు ఏడుపొచ్చింది. అన్ని పుస్తకాలు చదివినా, ఒక ఊళ్ళో ఒక మనిషి నిజంగా ఉన్నట్టు అనిపించింది అదే మొదటిసారి.

నాలుగు నెలలయ్యాక తిరిగొచ్చి, చాక్లెట్ల పెట్టె తన బల్ల మీద కాకుండా నా బల్ల మూలన పెట్టింది. "ఇవి అసలువి" అంది. అంతే, మళ్ళీ మాటలు కలిశాయి.

ఇప్పుడు నా దగ్గర పాస్‌పోర్ట్ ఉంది, దాని మీద రెండు మూడు దేశాల ముద్రలూ ఉన్నాయి. లిస్బన్ మాత్రం వెళ్ళలేదు. వెళితే ఐదో మెట్టు ఖాళీగా ఉంటుందని నాకు తెలుసు కదా. కొత్తగా చేరిన పిల్లలు ఏ ఊరి గురించి అడిగినా, "వెళ్ళలేదు, చదివాను" అన్నాకే నోరు విప్పుతాను. మొన్న కాకినాడ నుంచి వచ్చి, బల్ల మూలన కాజాలు పెట్టి మెయిల్ కొట్టాను. "కాజాలున్నాయి. నేను వెళ్ళింది కాకినాడే" అని రాశాను. అక్క ఇప్పుడు వేరే కంపెనీలో పెద్ద హోదాలో ఉంది, అయినా అలవాటు కొద్దీ ఆవిడకీ ఒక కాపీ పంపాను. నిమిషంలో జవాబొచ్చింది. "రైల్ల ఏ పక్క కూసున్నవ్ తమ్మీ? గోదారి మంచిగ కనపడిందా?"

కిటికీ పక్కనే కూర్చున్నాను. గోదావరి ఎప్పుడు దాటామో మాత్రం తెలియదు. దారంతా పుస్తకం చదువుకుంటూ వచ్చాను.