రెండు గ్లాసుల మజ్జిగ

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా ఒకే గదిలో గడిచింది. రాయపూర్‌లో, రైలు పట్టాలకు దగ్గరగా, గుఢియారీలో ఉండేవాళ్లం. నాన్న గూడ్స్ బండి ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్. డ్యూటీకి వెళ్లారంటే మళ్లీ ఎప్పుడొస్తారో తెలిసేది కాదు. ఆ ఏడు ఎండలు ముదరకముందే అమ్మ కుళాయి దగ్గర కాలుజారి పడింది. తొడ ఎముక విరిగింది. డాక్టరుగారు కాలికి చెక్కలు కట్టి, కాలు లాగి ఉంచడానికి మంచం చివర తాడుతో ఇటుకలు వేలాడదీసి, ఎముక అతికేదాకా కదలకూడదని చెప్పి వెళ్లారు.

అమ్మకి హిందీ రాదు. విజయనగరం వైపు నుంచి వచ్చి ఏళ్లయినా ఆ వీధి ఆమెకి పరాయి వీధే. పైగా అభిమానం గల మనిషి. ఒకరి చేత పని చేయించుకోవడమంటే తల కొట్టేసినట్టుండేది. అందుకని వంటా, ఒళ్లు తుడవడం, జడ వేయడం, బెడ్‌పాన్ పెట్టి తియ్యడం అన్నీ నా మీదే పడ్డాయి. నాకప్పుడు పదేళ్లుంటాయేమో. బడి మాన్పించారు. కాంపౌండరు వస్తే ఆయన హిందీ అమ్మకీ, అమ్మ తెలుగు ఆయనకీ నేనే చెప్పాలి.

వీధిలో అందరూ నన్ను మెచ్చుకునేవాళ్లు. ఎంత బుద్ధిమంతురాలో అని గుమ్మంలోంచే అనేసి వెళ్లిపోయేవాళ్లు. అంతమంది మెచ్చుకున్నాక నాకు ఊపిరాడడం లేదని ఎవరితో చెప్పను? కిటికీ ఊచల్లోంచి బడికెళ్లే పిల్లలు కనిపించేవాళ్లు. అమ్మ నిద్రపోతున్నా నేను గడప దాటేదాన్ని కాదు. ఎప్పుడు లేచి పిలుస్తుందోనని చెవులు అటే ఉండేవి. అమ్మ కాలికే కాదు, నా కాలికీ ఆ ఇటుకలు కట్టినట్టే ఉండేది.

పక్కింటి అక్క మా వైపు మనిషే. ఆమె భర్త కూడా రైల్వేలోనే. చంకలో నెలల పిల్ల. సాయం చేస్తానని వచ్చినప్పుడల్లా అమ్మ వద్దనేది. చివరికి అక్క ఆ మాట ఎత్తడమే మానేసింది. ఒకరోజు ఓ గుడ్డముక్క తెచ్చి మంచం మీద పరిచింది.

"పిన్నిగారూ, పిల్లకి చొక్కా కుట్టాలి. నాకు కత్తిరించడం చేతకాదు. మీరు చెప్తూ ఉండండి, నేను కత్తిరిస్తాను."

కుట్టుపనిలో అమ్మకి మంచి పేరు. కాదనలేకపోయింది. అప్పట్నుంచి అక్క రోజూ వచ్చేది. కొన్నాళ్లకి ఎదురింటి ఛత్తీస్‌గఢీ అవ్వ కూడా మనవరాలి లంగా గుడ్డతో వచ్చింది. ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోయినా వేళ్లతో కొలతలు చూపించుకునేవాళ్లు. అయినా బెడ్‌పాన్ అవసరం వస్తే మాత్రం అమ్మ వాళ్లని బయటికి పంపేసి నన్నే పిలిచేది.

ఒక మధ్యాహ్నం అక్క మజ్జిగ తెచ్చింది. అమ్మకి ఒక గ్లాసు ఇచ్చి, ఎండగా ఉందంటూ రెండోదీ తాగించింది. తర్వాత నాతో తాపీగా అంది.

"దారం అయిపోయింది. పట్టాలవతల కొట్టుకెళ్లి తెల్ల ఉండ తీసుకురా. పరిగెత్తకు, వడదెబ్బ తగుల్తుంది."

అమ్మ వద్దనబోయింది.

"ఈ గుంట ఇల్లు కదిలి ఎన్నాళ్లయిందో చూశారా పిన్నిగారూ" అంది అక్క. అమ్మ నా వైపు చూసి, తలగడ కింది చిల్లర తీసి ఇచ్చింది.

వీధిలోకి అడుగుపెడితే వెలుగుకి కళ్లు మూతలు పడ్డాయి. పట్టాల దగ్గర గేటు వేసి ఉంది. బొగ్గు బండి పోతుంటే ఆగి ఉన్న టాంగా బండి గుర్రం పక్కన నిలబడి చూశాను. చాలా బాగుంది. అంతలో మంచం మీద అమ్మ గుర్తొచ్చింది. దారం కొని, అక్క వద్దన్నా పరిగెత్తుకొచ్చాను.

బెడ్‌పాన్ కడిగి కుళాయి గట్టు మీద ఎండలో బోర్లించి ఉంది. అక్క మామూలుగానే పిల్లని ఆడిస్తోంది. అమ్మ ముఖం గోడవైపు తిప్పుకుని ఉంది. ఏడ్చిందని తెలుస్తూనే ఉంది. తిడుతుందనుకుని దారపుండ పట్టుకుని నిలబడిపోయాను. అమ్మ ముఖం ఇటు తిప్పింది.

"అక్క చేతులు మెత్తగా ఉన్నాయే" అంది. "నీవి ఇలా తే."

బూడిదతో గిన్నెలు తోమి గరుకెక్కిన నా అరచేతుల్ని గుండెల మీద పెట్టుకుని నిమిరింది. "రేపు బడికెళ్లు" అంది.

ఆ తర్వాత పొద్దున అక్క, మధ్యాహ్నం అవ్వ, సాయంత్రం నేను. అమ్మ లేచి నడిచేదాకా అలాగే జరిగింది. నన్ను పంపేముందు తనచేత అక్క రెండు గ్లాసుల మజ్జిగ ఎందుకు తాగించిందో అమ్మే కొన్నాళ్లకి కనిపెట్టి, గడుసుపిల్ల అని నవ్వింది.

పోయిన ఏడు నడుం పట్టేసి నేనూ మంచాన పడ్డాను. మా అమ్మాయి నన్ను వదిలి కదల్లేదు. పై అంతస్తు ఆవిడ వచ్చి ఏమైనా కావాలా అని అడిగితే ఏమీ వద్దనబోయి, ఆగాను. బాత్రూము దాకా పట్టుకోమన్నాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. అమ్మ ఆ రోజు ఎంత దూరం దాటిందో అప్పుడు తెలిసింది. మా అమ్మాయి గుమ్మంలో కాసేపు తటపటాయించి, చెప్పులు వేసుకుంది. తను మెట్లు దిగి వెళ్తున్న చప్పుడు చివరిదాకా విన్నాను.