నాయన విన్న పదిహేను నిమిషాలు

మా నాయనకు బెంగళూరు పీణ్యలో, ఇనుము కోసే రెండు లేతు మిషన్ల షెడ్డు ఉండేది. తొంభైల చివర్లో, నేను పీయూసీలో, అంటే ఇంటర్లో, చేరిన ఏడాది, నోటుపుస్తకం చివరి పేజీలో నాకు బతకాలని లేదని రాసుకున్నాను. మార్జిన్ వదిలి, గుండ్రటి అక్షరాలతోనే. అది అమ్మ కంటబడింది.

ఆస్పత్రిలో నన్ను డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టి నాయన వాచీ చూసుకున్నాడు. "సాయంత్రానికి అయిపోతాదా మేడమ్? వచ్చి పిలుచుకొని పోతాను."

షెడ్డులో ఇనప కమ్మీలు కోతకిచ్చి వెళ్ళేవాళ్ళు ఆయన్ని అడిగేదీ అలాగే.

డాక్టరమ్మ ఆయనకూ, అమ్మకూ చెరో కుర్చీ చూపించింది. ప్రతి గురువారం ముగ్గురూ రావాలంది. ఇంట్లో రోజూ పదిహేను నిమిషాలు నేను చెప్పేది వినాలి, సలహా ఇవ్వకూడదు. చావాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదని కూడా చెప్పింది. నాయన ఇదేం పెద్ద పని అన్నట్టు తలూపాడు.

మొదటిరోజు రెండు నిమిషాలు ఆగాడు. తర్వాత తెల్లవారుజామున లేవడం, పెద్దనాన్న కూతురి మార్కులు, మజ్జిగ వల్ల లాభాలు విన్నది నేను.

మూడో గురువారం డాక్టరమ్మ, మిషను చెడబోతోందని మీకెలా తెలుస్తుందని అడిగింది. స్క్రూడ్రైవరు కొన బేరింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటానన్నాడు. మిషను ఆపేసి వింటారా అని డాక్టరమ్మ అడిగింది.

"ఆపితే ఏం వినపడతాది మేడమ్? తిరగతా ఉండంగానే వినాల."

అలా వింటున్నప్పుడు మీరు మాట్లాడతారా అంది. బస్సులో ఇంటిదాకా నాయన కిటికీ కమ్మీకి తల ఆనించి కూర్చున్నాడు.

ఆ సాయంత్రం నా ఎదురుగా కూర్చుని తల కాస్త పక్కకు వంచాడు. నేను ఏదేదో చెప్పాను. పదిహేను నిమిషాలు దాటాయి. మజ్జిగ ప్రస్తావన రాలేదు. అంత పెద్ద మౌనం ఆయనలో ఎక్కడ పట్టిందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. చివరికి, గొంతు సరిచేసుకుని అడిగాడు.

"సచ్చిపోవాలని ఉండాదా అమ్మా?"

లేదనడానికి సిద్ధంగానే ఉన్నాను. అంత భయపడుతూ కూడా చూపు తిప్పుకోని మనిషితో అబద్ధమాడలేకపోయాను.

"ఉండాది నాయనా."

ఆయన లేవలేదు, దేవుణ్ణి పిలవలేదు. అమ్మ తడిచేతులతో వచ్చి నా పక్కన కూర్చుంది.

"చెప్పు," అన్నాడు నాయన. "వింటా ఉండాను."

పండగలకు కూడా మూయని షెడ్డుకు మర్నాడు తాళం పడింది. గురువారం దాకా ఆగకుండా ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికెళ్ళాం. నాయన తనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సాయంత్రానికి అయిపోతుందా అని అడగలేదు.