సర్దుకోమన్నారుగా!

మా హెడ్మాస్టరు నోట వచ్చే మాట ఒక్కటే: "కాస్త సర్దుకోండి టీచర్." ఫ్యాను తిరగడం లేదన్నా అదే, కుళాయి రావడం లేదన్నా అదే. మేమంతా ఎదురుగా తలూపి, బయటికొచ్చాక నాలుగు తిట్లు తిట్టుకుని, చెమట తుడుచుకుంటూ పాఠం చెప్పుకునేవాళ్లం. ఆ మాటను శ్రద్ధగా విన్నది మాత్రం మా వదిన ఒక్కతే.

వదినంటే మా అన్నయ్య భార్య. ఆవిడది ఒకటో తరగతి, పక్క గదిలో రెండో తరగతి నాది. ఇంట్లో ఆవిడకి ఆడపడుచుని, బడిలో పొరుగుదాన్ని. మధ్యగోడ మరీ పలచన కాబట్టి ఆవిడ సంగతులన్నీ నాకు తెలుసు.

ఆవిడ తరగతికి హైస్కూలు వాళ్లు వద్దనుకున్న బల్లలు వచ్చిపడ్డాయి. కూర్చుంటే పిల్లల కాళ్లు గాల్లో వేలాడేవి, గడ్డాలు డెస్కుకి ఆనేవి. రాయాలంటే మోచెయ్యి చెవిదాకా లేపాలి. మేం బుడంకాయ అని పిలుచుకునే పొట్టి పిల్ల ఒకతి ఉంది. రోజుకోసారైనా జారి కిందపడేది. వదిన వెళ్లి చెప్పింది.

"పిల్లలు ఎదుగుతారు కదమ్మా. అందాకా సర్దుకోండి," అన్నారాయన.

"సర్దుకోమన్నారు!" అంది వదిన బయటికొచ్చి, వరం దొరికినట్టు.

సెలవు రోజు చూసి వడ్రంగిని పిలిపించింది. అతను రంపం పట్టుకుని గుడ్లప్పగించాడు.

"కాళ్లు కోసెయ్యమంటారేంటి టీచరమ్మా? రేపు ఎవరైనా అడిగితే?"

"నా పేరు చెప్పు. పిల్లల కాళ్లు సాగదియ్యలేం కదయ్యా."

బల్లలు పొట్టివయ్యాయి. కోసిన ముక్కల్ని నున్నగా రుద్దించి రంగులేసింది. పిల్లలు వాటితోనే కూడికలు, తీసివేతలు చేసేవారు. మా అన్నయ్య ఇంట్లో మూలపడేసిన పాత టీవీ బడికి వెళ్లింది, ఫోను తగిలిస్తే అందులో బొమ్మలొచ్చేవి. రంగులే కాస్త తారుమారు. పరీక్షలో సింహం ఏ రంగంటే తరగతంతా 'ఆకుపచ్చ' అని రాసింది. "చూసిందే రాశారు, పాపం," అని వదిన అందరికీ మార్కులేసి, మర్నాడు సింహం బొమ్మల పుస్తకం తెచ్చి చూపించింది. కిటికీల్లోంచి ఎండ పడి టీవీ కనపడ్డం లేదని మా అమ్మ దుప్పట్లు తెరలయ్యాయి.

"మీ వదిన ఏదో ఒకరోజు నన్నూ పట్టుకుపోయి ఆ గదిలో ఓ మూల నిలబెడుతుందే," అనేది అమ్మ.

ఇంతకీ పైనుంచి వచ్చిన స్మార్ట్ బోర్డు ఒకటి హెడ్మాస్టరు గదిలో ఉంది. విప్పితే పాడవుతుందని పెట్టె విప్పలేదు. దాని మీద ఆయన భోజనం డబ్బా పెట్టుకుంటారు.

ఇలా ఉండగా పెద్ద అధికారి వస్తున్నారని కబురొచ్చింది. హెడ్మాస్టరు కాలుగాలిన పిల్లిలా బడంతా తిరుగుతూ, మొట్టమొదటిసారి ఒకటో తరగతిలోకి తొంగిచూశారు. చూసి నోరెళ్లబెట్టారు. సాయంత్రానికల్లా 'ఆదర్శ తరగతి గది' అని బోర్డు రాయించారు.

"ఇక దీనికి తాళం వేసి ఉంచుదాం టీచర్. పిల్లలుంటే మాసిపోతుంది. వాళ్లని వెనక వరండాలో కూర్చోబెట్టండి."

"వానలొస్తున్నాయి సర్. అక్కడ జల్లు కొడుతుంది."

"ఎల్లకాలం కొడుతుందామ్మా? కాస్త సర్దుకోండి."

నాకు ఒళ్లు మండిపోయింది. బుడంకాయ వదిన కొంగు పట్టుకుని, "మేం ఏం పాడు చేశాం టీచర్?" అని అడిగింది. వదిన మొహం పక్కకి తిప్పుకుంది. పెళ్లై మా ఇంటికొచ్చాక ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను చూడ్డం అదే మొదలు.

సర్దుకోమనే మాటతో ఒక చిక్కుంది. ఓర్చుకోమన్నా సర్దుకోవడమే, తీరుగా పెట్టుకోమన్నా సర్దుకోవడమే, మూటాముల్లె కట్టుకోమన్నా సర్దుకోవడమే. వదిన కళ్లు తుడుచుకుని మూడో అర్థం అందుకుంది. బల్లలు, రంగు ముక్కలు, టీవీ, అమ్మ దుప్పట్లు, చివరికి గోడకి కొట్టిన మేకులతో సహా అన్నీ సర్దుకుని వరండాకి చేరింది. హెడ్మాస్టరు వచ్చి తాళం వేసుకుని వెళ్లారు. గదిలోకి తొంగిచూసే అలవాటు ఆయనకి లేదు, వెనక వరండా వైపు వెళ్లే అలవాటు అసలే లేదు.

అధికారి వచ్చారు. దండ పడింది, రిబ్బను తెగింది, తాళం తెరుచుకుంది. లోపల నాలుగు గోడలు, నేల.

"ఏవండీ, ఆదర్శం ఎక్కడ?" అన్నారు అధికారి.

సరిగ్గా అప్పుడే వాన అందుకుంది. వరండాలో పిల్లల అరుపులు, వాటిని మించి వదిన గొంతు: "పిల్లలూ, సర్దుకోండి!"

జల్లులో తడుస్తూనే ఇద్దరిద్దరు ఒక్కో బల్ల ఎత్తుకుని బిలబిలమంటూ వచ్చేశారు. పొట్టివి కాబట్టి వాళ్ల చేతులకి వచ్చాయి. వెనక రంగు ముక్కలు ఒళ్లో పోసుకుని మిగతావాళ్లు, టీవీకి దుప్పటి కప్పి మోసుకుంటూ వదిన, నేను. గుమ్మంలో ఉన్న అధికారి పక్కకి తప్పుకోక తప్పలేదు.

"టీచర్, ఏంటిది?" అని పళ్లు నూరారు హెడ్మాస్టరు.

"సర్దుకోమన్నారుగా సర్," అంది వదిన, తడిసిన చెంగు పిండుకుంటూ.

అధికారి ఇదంతా ప్రదర్శన అనుకుని చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరూ కొట్టారు, ఇంకాస్త గట్టిగా. "రోజూ ఇలాగే నడవాలి. ఎప్పుడొచ్చినా పిల్లలతో కళకళ్లాడుతూ కనిపించాలి," అని చెప్పి మరీ వెళ్లారు అధికారి. అంత పెద్దాయన మాట ఇక ఎవరు కాదంటారు? తాళం ఇప్పుడు హెడ్మాస్టరు గదిలో, స్మార్ట్ బోర్డు పెట్టె మీద, భోజనం డబ్బా పక్కన ఉంది.

ఆవేళ అందరికంటే ముందు కూర్చున్నది బుడంకాయ. జుట్టంతా తడి, పలక తడి. అధికారినీ చూడలేదు, మమ్మల్నీ చూడలేదు. తలవంచి, రెండు పాదాలూ నేలకి ఆనించి చూసుకుంటోంది.