మూడు వేళ్ళ బాబాయి

ఉద్యోగం ఊడినప్పటినుంచి బాబాయి, ఎవరేమడిగినా మూడు వేళ్ళు పైకెత్తుతాడు. పెద్ద టెక్నాలజీ కంపెనీలో ప్రొడక్ట్ మేనేజర్ కావాలంటే ఇంటర్వ్యూలో ఏ జవాబైనా మూడు ముక్కలుగా చెప్పాలని ఎవరో నూరిపోశారు. "అన్నం పెట్టనా?" అని నానమ్మ అడిగినా వేళ్ళు లేస్తాయి. "ముందు ఆకలి ఎవరిదో తేల్చుకోవాలమ్మా..." "నీ మొహం! చల్లారిపోతోంది, రా!"

ఇంటర్వ్యూ ఆఖరి రౌండు రోజున బోర్లించిన బకెట్ మీద లాప్‌టాప్ పెట్టి, పైన ఇస్త్రీ చొక్కా, కింద మాసిన నిక్కరుతో కూర్చున్నాడు. ఇదీ పోతే ఇక పిలిచే కంపెనీ లేదు. తెరమీద అమ్మాయి నవ్వుతూ అడిగింది: "వయసు మళ్ళినవాళ్ళకి టీవీ రిమోట్ ఎలా తయారుచేస్తారు?" వేళ్ళు లేచాయి. ముసలివాళ్ళు మూడు రకాలన్నాడు. ఒక్కో రకానికి మూడేసి కష్టాలన్నాడు. నుదుటి చెమట ముక్కు చివరికి జారినా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. రెండో రకం దగ్గరుండగానే "టైమైపోయిందండీ, థాంక్స్" అంది అమ్మాయి. రిమోట్ ఇంకా పుట్టనేలేదు.

తలుపు తోసుకుని నానమ్మ వచ్చింది, చేతిలో రిమోట్‌తో. ఆవిడ ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కుతుందని, కావలసిన రెండు మీటలు వదిలి మిగతావన్నీ బాబాయే ఎప్పుడో అట్టముక్కతో కప్పి టేపు వేశాడు.

"టేపు ఊడిందిరా, కాస్త అతికించు. ఇంతకీ ఏమడిగారు?"

చెప్పాడు.

"మరి ఇది చూపించకపోయావా?"

బాబాయి మూడు వేళ్ళూ పైకెత్తాడు. మళ్ళీ దించి, ఆ వేళ్ళతోనే టేపు అతికించడం మొదలుపెట్టాడు.